వైద్యకళాశాల వాకిట

ప్రతి సంవత్సరమును ఇంటర్మీడియెట్టు పరీక్షలు ముగిసిన పిమ్మట మా చిలమత్తూరున ఉపాధ్యాయుల యిండ్ల వసారాలలో ఒక చిన్న సభ తీరుచుండును. తండ్రి చేతిలో ఒక సంచి యుండును. ఆ సంచిలో మార్కుల పట్టికలు, కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము, చదివిన ప్రతి బడినుండియు తెచ్చిన స్టడీ సర్టిఫికెట్లు, నాలుగైదు ఫోటోలు ఉండును. కొడుకో కూతురో గడపకడ నిలిచి నేల చూచుచుండును. తండ్రి అడుగునది ఒక్కటే మాట: "అయివారూ, మా పాపకు డాక్టరు సీటు వస్తాదంటారా?"

మేము వైద్యులము కాము. మేము చదివినది సంస్కృతము, ఆంగ్లము. సమాసములు విడదీసి చెప్పుట, పిల్లల వ్యాసములు దిద్దుట మా వృత్తి. అయినను ఊరిలో ఆంగ్లపు కాగితము చదువగలవాడే అన్ని కాగితములకును అర్థము చెప్పవలెను గదా! ఇట్లు ఇరువదియేండ్లుగా దరఖాస్తులు నింపుచు, ఆ పిల్లల ముఖములలోని భయమును చూచుచు వచ్చితిమి. ఈ భయము పరీక్షను గూర్చినదా, కాగితమును గూర్చినదా? పరీక్షకు భయపడువాడు రాత్రి మఱి రెండు గంటలు చదువుకొనును. ఆ భయమునకు మందు కలదు. కాగితమునకు భయపడువాడు ఏమి చేయగలడు? వైద్యవిద్య వాకిట నిలిచినవానిని ఏ కాలమున ఎవరు ఏమని ప్రశ్నించిరో విచారించినచో ఈ భయము పుట్టుపూర్వోత్తరములు కొంత తేటపడునని తలచి ఈ వ్యాసమునకు పూనుకొన్నాము.

మన దేశమున వైద్యశిష్యుని ప్రవేశమునకు నియమములు మిక్కిలి ప్రాచీనములు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున రెండవ యధ్యాయము ఈ విషయమునకే కేటాయింపబడినది. శిష్యునకు మంచి వంశము, తగిన వయస్సు, శీలము, శౌర్యము, శౌచము, మేధ, స్మృతి ఉండవలెననుటతో ఆ గ్రంథము ఊరకొనలేదు. నాలుకయు పెదవులును దంతముల కొనలును పలుచనగా నుండవలెననియు, ముఖము, కన్నులు, ముక్కు తిన్నగా నుండవలెననియు చెప్పినది. మొదటి మూడు వర్ణములవారిని పేర్కొని, కులగుణసంపన్నుడైన శూద్రునకు మంత్రము లేకుండ, ఉపనయనము లేకుండ చదువు చెప్పవచ్చునని కొందఱి మతముగా చేర్చినది. మేధతోపాటు పుట్టుకను, ముక్కుతీరును గూడ విచారించు ఆచారము ఇట్లు మొదలైనది. చరకసంహిత విమానస్థానమున ఎనిమిదవ యధ్యాయము వేఱొక క్రమము చెప్పుచున్నది. వైద్యుడు కాగోరువాడు మొదట శాస్త్రమును పరీక్షింపవలెను. పిమ్మట ఆచార్యుని పరీక్షింపవలెను. ఆ తరువాతనే ఆచార్యుడు శిష్యుని పరీక్షించును. పరీక్ష ఇరువైపులదని ఆ గ్రంథము మతము. ఈ క్రమము నేటి ప్రవేశపత్రములలో ఎచ్చటను కానరాదు. పాఠకులు దీనిని జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము.

పాశ్చాత్యవైద్యము నేర్పు కళాశాలలు మన దేశమున 1835లో వెలసినవి. ఆ సంవత్సరము జనవరి 28వ తేదీని గవర్నరుజనరలు బెంటింకు కలకత్తాకళాశాలను స్థాపించుచు చేసిన యుత్తర్వులో అభ్యర్థుల అర్హతలు వ్రాయబడినవి. వయస్సు 14కు 20కి నడుమ నుండవలెను. ఆంగ్లముతోపాటు వంగభాషయో హిందుస్తానీయో చదువను వ్రాయను రావలెను. కులమతభేదము పాటింపబడదు. అయితే అభ్యర్థికి గౌరవనీయమైన సంబంధములును మంచి నడవడియు ఉండవలెను. "గౌరవనీయమైన సంబంధములు" అనగా ఏమో నిర్ణయించు అధికారము తలుపు లోపలివారిదే. వెలుపల నిలిచినవానికి తెలియు మార్గము లేదు. అదే సంవత్సరము మదరాసున సైన్యమునకు కావలసిన వైద్యసహాయకులను తయారుచేయుటకై ఒక పాఠశాల తెఱవబడి, 1850లో మదరాసు వైద్యకళాశాల యని పేరు పొందెను. తెలుగుదేశమున మొదటి పాఠశాల నిజాము రాజ్యమున హైదరాబాదున 1846లో వెలసెను.

స్త్రీలు ఆ వాకిట నిలుచుటకు మఱి నలువదియేండ్లు పట్టినది. స్కాట్లాండు దేశమున ఎడింబరో విశ్వవిద్యాలయమునందు 1869లో వైద్యమునకు చేరిన స్త్రీలపై 1870లో విద్యార్థులు అల్లరిమూకలై బురద చల్లిరి. 1873లో న్యాయస్థానము వారికి పట్టములిచ్చు బాధ్యత విశ్వవిద్యాలయమునకు లేదని తీర్పు చెప్పినది. ఆ స్థితిలో మదరాసు కళాశాల 1875లో నలుగురు స్త్రీలను చేర్చుకొన్నది. వారిలో మేరీ షార్లీబు ఒకతె. ప్రసవవేళ వైద్యుని చూడనొల్లక మన స్త్రీలు మరణించుచుండుట చూచి ఆమె ఈ చదువునకు పూనుకొన్నది. సర్జన్ జనరల్ ఎడ్వర్డు బాల్ఫరు ఆమెకు సాయపడెను. సీమలోని ప్రసిద్ధ విశ్వవిద్యాలయము త్రోసివేసిన దరఖాస్తును మన చెన్నపట్టణము అంగీకరించుట మనకు గర్వకారణమే. అయితే ఆ నలుగురును యూరోపియను, ఆంగ్లోయిండియను కుటుంబములవారు. పుదుక్కోట ముత్తులక్ష్మి 1907లో ఆ కళాశాలలో చేరి 1912లో పట్టము పొందువఱకు, హిందూకుటుంబములలోని ఆడుపిల్లలు ఆ చదువును తలపోయుటకే జంకుచుండిరి.

ఇక మా సీమ సంగతి. చిలమత్తూరునకు బెంగుళూరు దగ్గఱ. కాని బెంగుళూరు మైసూరు రాజ్యమునది, మేము మదరాసు రాజధానిలోనివారము. హిందూపురమున రైలెక్కి పెనుకొండ, ధర్మవరము, గుంతకల్లుల మీదుగా మదరాసు చేరవలసినవారము. అనంతపురమున కళాశాల 1916లో వెలసినది. విశాఖపట్టణమున వైద్యకళాశాల 1923లోను, గుంటూరున 1946లోను ఏర్పడెను. దత్తమండలములలో ఒక్కటియు లేదు. 1937 నవంబరు 16వ తేదీని జరిగిన శ్రీబాగు ఒడంబడికలో విశ్వవిద్యాలయ కేంద్రము అనంతపురమునను ఉండవలెనని రాయలసీమ నాయకులు పట్టుపట్టుటకు కారణము ఈ వెలితియే. కోస్తావారిమీద ద్వేషముచేత వారట్లు కోరలేదు. ద్వారము దూరమైనకొలది దానిని తట్టువారు తక్కువగుదురు. ఆ నాయకులు దీనిని కన్నులార చూచినవారు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఈ వాకిటి కథ దేశమంతటికిని తెలిసిన వ్యాజ్యమైనది. అప్పటి మదరాసు రాష్ట్రమున ప్రభుత్వ వైద్యకళాశాలలు నాలుగు: మదరాసున రెండు, విశాఖపట్టణమున ఒకటి, గుంటూరున ఒకటి. నాల్గింటను కలిపి సీట్లు 330. అందు 17 పరరాష్ట్రమువారికి. 12 ప్రభుత్వము తన యిచ్చవచ్చినవారికి ఇచ్చుకొనునవి. మిగిలిన 301 సీట్లను జిల్లాలను నాలుగు గుంపులుగా విభజించి పంచెడివారు. ఆపైన ప్రతి 14 సీట్లలోను బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లోయిండియనులకును దేశీయ క్రైస్తవులకును కలిపి 1, ముస్లిములకు 1. అనంతపురము జిల్లా పిల్లలకును ఇదియే నియమము. 1950 జూనులో చంపకం దొరైరాజన్ అను బ్రాహ్మణస్త్రీ ఈ యుత్తర్వుమీద మదరాసు హైకోర్టునకు పోయెను. హైకోర్టు ఆమె పక్షమున తీర్పు చెప్పినది. 1951 ఏప్రిలు 9వ తేదీని సుప్రీముకోర్టును అట్లే చెప్పినది. ఆ యేడు జూనులోనే రాజ్యాంగమునకు మొదటి సవరణ జరిగి, వెనుకబడిన తరగతుల కొఱకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చునని 15వ అధికరణమున నాల్గవ ఖండము చేర్చబడెను.

ఈ వ్యాజ్యమున ఎవరిది న్యాయమని వాదించువారు నేటికిని కలరు. పోటీ యనునది అందఱికిని సమానమని చెప్పి తరతరములుగా కొన్ని కులములవారే ఆ చదువు ననుభవించుట నిజము. ఆ యన్యాయమును సరిదిద్దవలసినదే. తన మార్కులకు సంబంధము లేని కారణముచేత ఒక వ్యక్తి వాకిట ఆగిపోవుటయు బాధాకరమే. ఈ రెండింటిని ఒక్క త్రాసున తూచు పనిని రాజ్యాంగసవరణ మొదలుపెట్టినది. అది నేటికిని ముగియలేదు. మేమిచ్చట చూపదలచినది ఆ తీర్పులోని ఒక చిన్న విషయము. చంపకం అసలు దరఖాస్తు పెట్టనేలేదు! విచారించి, బ్రాహ్మణురాలగుటచేత తనకు సీటు రాదని తెలిసికొని, కళాశాలకు కాక కోర్టునకు దరఖాస్తు పెట్టుకొన్నది. సుప్రీముకోర్టు ఈ విషయమును తీర్పులో గుర్తించినది. ఆమెకు విచారించుటకు మనుష్యులు కలరు, కోర్టునకు పోవు శక్తి కలదు. మా తాలూకాలలో ఎందఱు హరిజనబాలురు, ఎందఱు బోయ, కురుబ, సాలె కుటుంబముల పిల్లలు విచారింపకయే ఊరకున్నారో ఎవరు లెక్కించిరి? దరఖాస్తు పెట్టి ఓడినవారి చరిత్ర లా రిపోర్టులలో నున్నది. పెట్టనివారి చరిత్ర ఏ కాగితముననులేదు.

1953లో ఆంధ్రరాష్ట్రము వచ్చెను, 1956లో ఆంధ్రప్రదేశము. కర్నూలున 1957లోను, తిరుపతిని 1960లోను వైద్యకళాశాలలు వెలసినవి. ఇట్లు దూరము కొంత తగ్గినది. కులప్రశ్నకు తోడు జిల్లాప్రశ్న ముందుకు వచ్చినది. జిల్లాల జనసంఖ్యనుబట్టి వైద్యవిద్య సీట్లు పంచుట చెల్లదని మదరాసునుండి వచ్చిన రాజేంద్రన్ వ్యాజ్యమున 1968లో సుప్రీముకోర్టు చెప్పినది. మన రాష్ట్రపు వెనుకబడిన తరగతుల జాబితా సరియైన విచారణ లేకుండ చేయబడినదని అదే యేడు కొట్టివేసినది. అనంతరామన్ కమిషను విచారణ జరిపిన తరువాత చేసిన జాబితాను 1972లో నిలబెట్టినది. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమముల పిమ్మట 1973లో ఆఱుసూత్రముల పథకము వచ్చెను. దాని ఫలితముగా 1974లో రాష్ట్రపతి యుత్తర్వుచే రాష్ట్రము మూడు విశ్వవిద్యాలయ ప్రాంతములుగా విభజింపబడి, ప్రతి ప్రాంతమునను నూటికి 85 సీట్లు స్థానికులకు కేటాయింపబడినవి. రాయలసీమయు నెల్లూరును శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతము. స్థానికుడనగా ఎవడు? అర్హతపరీక్ష వ్రాయు యేటితో ముగియు వరుస నాల్గేండ్లు ఆ ప్రాంతపు విద్యాలయములలో చదివినవాడు. పుట్టిన ఊరు కాదు, ఇల్లున్న ఊరు కాదు, చదివిన బడి.

మా తప్పు చెప్పుకొనవలసిన చోటు వచ్చినది. కొన్నియేండ్ల క్రిందట మాయొద్ద పదవ తరగతి వఱకు చదివిన యొక బాలిక మిక్కిలి తెలివిగలది. తండ్రి పట్టుపురుగులు పెంచి హిందూపురమున గూళ్లు అమ్ముకొను రైతు. ఇంటర్మీడియెట్టునకు ఎచ్చట చేర్పింతుమని ఆయన మమ్మడిగెను. సరిహద్దు దాటినచో కర్ణాటకమున మంచి కళాశాల కలదు, బస్సు ఇంటిముందే ఆగును, ఆడుపిల్ల వసతిగృహమున నుండ నక్కఱలేదు. ఇన్ని మేళ్లు చూచి అచ్చటనే చేర్పింపుమని మేమే చెప్పితిమి. రెండేండ్లు ఆమె చక్కగా చదివినది. ప్రవేశపరీక్షలో మా యూరివారెవ్వరును తెచ్చుకొనని మార్కులు తెచ్చుకొన్నది. దరఖాస్తు నింపుటకు కూర్చుండినప్పుడు, నాల్గేండ్లు చదివిన బడుల పేర్లు వ్రాయవలసిన గడికడ మా కలము ఆగిపోయినది. చివరి రెండేండ్లు పరరాష్ట్రమున చదివినందున ఆమె ఇచ్చట స్థానికురాలు కాదు. ప్రభుత్వపు సీటునకు ఏడేండ్లు ఆ రాష్ట్రమున చదివియుండవలెనను నియమముచేత అచ్చటను ఆమె పరాయిదియే. పుట్టినింటికి అయిదారు క్రోసుల దూరమున చదివిన నేరమునకు రెండు రాష్ట్రములకును కాకపోయెను. అందఱును పోటీపడు ఆ నూటికి 15 సీట్లే ఆమెకు మిగిలినవి. అందు ఆమెకు చోటు దొరకలేదు. ఆమెకంటె తక్కువ మార్కులు తెచ్చుకొన్న స్థానికులకు దొరికినది. ఆమె నర్సింగు చదివి నేడు బెంగుళూరున నొక ఆసుపత్రిలో పనిచేయుచున్నది. ఆనాడు ఆమె ఏమియు అనలేదు. తండ్రి మాత్రము, "మీరు చెప్తేనే కదా అయివారూ, ఆపక్క చేర్పిస్తిమి" అనెను. ఆ మాటలో కోపము లేదు. అందుచేతనే నేటికిని మఱవలేకున్నాము.

నియమము చెడ్డదని మేము చెప్పము. ఆ నియమమే లేకున్న రాయలసీమ సీట్లు బలిసిన ప్రాంతములవారి పాలు కాకపోవునని ఎవరు పూచీపడగలరు? తప్పు నియమముది కాదు. అది తెలియని మాది. నియమము గెజెట్టులో అచ్చయి దశాబ్దములు గడచినను, తెలియవలసిన వయస్సున తెలియవలసిన యింటికి చేరలేదు.

కులము, స్త్రీత్వము, ప్రాంతము వలెనే ధనమును ఆ వాకిట నొక ప్రశ్నయైనది. మా హిందూపురమునకు పొరుగుననున్న తుమకూరులోని యొక ప్రైవేటు వైద్యకళాశాలకు 1991లో మీరటునుండి మోహినీ జైన్ అను విద్యార్థిని దరఖాస్తు పెట్టుకొన్నది. అప్పటి కర్ణాటక ప్రభుత్వపు ప్రకటనప్రకారము ప్రైవేటు కళాశాలలలో ప్రభుత్వపు సీటునకు ఏటికి 2,000 రూపాయలు, ఇతర సీట్లకు కర్ణాటకమువారైనచో 25,000, పరరాష్ట్రమువారైనచో 60,000 వఱకు రుసుము. సరిహద్దు రాళ్ల కిరుప్రక్కల నున్న రెండు పల్లెల పిల్లలకు ఆ వాకిట ఏటికి 35,000 రూపాయల భేదమన్నమాట! సుప్రీముకోర్టు 1992 జూలై 30వ తేదీని విద్య హక్కనియు, ఇట్టి కాపిటేషను రుసుము చెల్లదనియు తీర్పు చెప్పినది. కాని ఆమె ప్రతిభచేత ఎంపికయైనది కాదనియు, తరగతులు మొదలై చాలకాలమైనదనియు ఆమెకు సీటు ఇప్పింపలేదు. వ్యాజ్యము గెలిచి సీటు పోగొట్టుకొన్న యభ్యర్థిని ఆమె. మన రాష్ట్రమున 1983లోనే కాపిటేషను రుసుమును నిషేధించు చట్టము వచ్చియుండెను. 1993లో ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున సగము సీట్లు ఉచితమనియు, సగము సొమ్ముకట్టువారికనియు, రెండును ప్రతిభనుబట్టియే యనియు కోర్టు ఒక పథకము చేసినది. 2002లో మఱి పెద్ద ధర్మాసనము ఆ పథకమును త్రోసివేసినది. ఇట్లు నియమములు మాఱిన ప్రతిసారియు ఆ యేటి పిల్లలు నడిరేవున చిక్కిరి.

నేటి ప్రశ్న పరీక్ష. దేశమంతటికి ఒకే ప్రవేశపరీక్ష యను నీట్ 2013లో మొదట జరిగినది. ఆ జూలైలోనే సుప్రీముకోర్టు దానిని కొట్టివేసినది. 2016 ఏప్రిలులో తన తీర్పును తానే వెనుకకు తీసికొన్నది. అంతవఱకు మన పిల్లలు ఎంసెట్ వ్రాసి చేరుచుండిరి. 2017 నుండి వైద్యమునకు నీట్ వ్రాయవలసినవారైరి. ప్రశ్నపత్రము తెలుగునను లభించుట మేలే. 1835లో ఆంగ్లము రానివాడు వాకిటికే రాలేడు గదా! కాని 2024లో 23 లక్షలకు పైగా పిల్లలు ఆ పరీక్ష వ్రాసిన యేడు ప్రశ్నపత్రము కొన్నిచోట్ల ముందే బయటపడినది. పరీక్ష మరల జరుగునో జరుగదో తెలియక ఆ పిల్లలు వారములు గడపిరి. జూలై 23వ తేదీని సుప్రీముకోర్టు మరల జరుప నక్కఱలేదని చెప్పినది. నీవెవ్వడవని అడుగక, నీకేమి వచ్చునని మాత్రమే అడుగు పరీక్షలోను, అడుగువాడు నమ్మదగినవాడా యను సందేహము చేరినది.

ఈ చరిత్రనంతటిని కలిపి చూచినచో మాకు రెండు విషయములు తోచుచున్నవి. మొదటిది: అభ్యర్థి భయము వాని పిఱికితనము కాదు. సీట్లు తక్కువై, నియమము కనబడకున్నప్పుడు ధైర్యవంతుడును భయపడును. 1950లో ప్రభుత్వము తన యిచ్చవచ్చినవారికి ఇచ్చిన ఆ 12 సీట్లకంటె, కులముల లెక్క ఎంత కటువుగానున్నను అచ్చులో నున్నది మేలు. అచ్చులో నున్నందుననే దానిని కోర్టుకెక్కింప గలిగిరి, సవరింప గలిగిరి. రెండవది: ద్వారము దగ్గఱకు వచ్చుట వలననే తట్టువారు పెరుగుదురు. అనంతపురమున వైద్యకళాశాల 2000 సంవత్సరమున తెఱవబడిన పిమ్మట మాయొద్దకు సంచులతో వచ్చు తండ్రులు హెచ్చిరి. 2022లో మా ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాయైనది. పెనుకొండయందు ప్రభుత్వ వైద్యకళాశాలకు 2021లో శంకుస్థాపనము జరిగినది. శంకుస్థాపనము వేఱు, తలుపు తెఱచుట వేఱు అని మా ప్రాంతమువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

కోర్టులును ప్రభుత్వములును చేయవలసినవి వారు చేయుదురు గాక. పల్లెటూరి యుపాధ్యాయుడు చేయదగినది ఒకటి కలదు. ఆ బాలిక విషయము జరిగిన పిమ్మట మేము, పిల్లలు తొమ్మిదవ తరగతిలో చేరు నెలలో తల్లిదండ్రులను పిలిచి కూర్చుండబెట్టుచున్నాము. వైద్యకళాశాల దరఖాస్తు ఇంటర్మీడియెట్టు తరువాత మొదలుకాదు. ఆ నాల్గేండ్లలో మొదటి యేడు తొమ్మిదవ తరగతియే. ఆ యేటి నియమావళిని తెలుగున చదివి వినిపింతుము. ఏ కాగితము ఏ కచేరిలో దొరకునో చెప్పుదుము. డాక్టరు కాగోరని పిల్లల తల్లిదండ్రులును కూర్చుండవలెనని పట్టుపట్టుదుము. ఎవరు కోరుదురో తొమ్మిదవ తరగతిలో ఎవరికి తెలియును? పాఠకులలో ఉపాధ్యాయులైనవారు తమ యూళ్లలో ఇట్లు చేసినచో మేము చేసిన తప్పు మఱొకచోట జరుగకుండును.

గడచిన సభలో నియమములు చదువుచుండగా వెనుక వరుసనుండి ఒక పిల్ల లేచి, "అది ఎక్కడ రాసుంది సార్, చూపిస్తారా?" అని యడిగినది. తండ్రి సిగ్గుపడి కూర్చోమనెను. మేము వలదని వారించి, ఆ కాగితమును తీసికొనిపోయి ఆమె చేతికిచ్చితిమి. ఆమె ఆ పంక్తిని రెండుమాఱులు చదువుకొని, సరియేనని తల యూపి, మరల మాకిచ్చినది. చరకసంహిత చెప్పిన మొదటి పరీక్ష అదియే గదా! అందు నెగ్గితిమని మాకు సంతోషమైనది.